కాకి వాలని పంది

పందుల మీద కాకులు వాలతాయన్న సంగతి మా పశు సంవర్ధక శాఖకు ఒక శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు తెలిసింది. అంతకుముందు ఆ సంగతి పందులకు తెలుసు, కాకులకు తెలుసు, దారిన పోయే ప్రతివాడికీ తెలుసు. కాకపోతే లిఖితపూర్వకంగా ఎవరూ తెలియజేయలేదు.

నేను దొరువుపాలెం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుని. డాక్టరు పోస్టు ఆరేళ్లుగా ఖాళీగా ఉంది. అందుకని ఊళ్లో గొడ్లున్నవాళ్లు నన్నే డాక్టరయ్యా అంటారు. జిల్లా ఆఫీసువాళ్లు మాత్రం "ఏమయ్యా భుజంగం" అంటారు. నేను రెండు పిలుపులకూ పలుకుతాను. నా ఉద్యోగంలో ముఖ్యమైన పని అదే.

మా ఊళ్లో రైలు గేటు దాటితే పందుల దొడ్లుండే వీధి వస్తుంది. రెండేళ్ల కిందట అక్కడ పన్నెండు దొడ్లుండేవి. ఆ తర్వాత ఒక జబ్బు వచ్చింది. తల్లిపాలు మాని మేత మొదలుపెట్టిన పిల్లలు తింటూనే చిక్కిపోయేవి. వెన్నుపూస బయటపడేది, బొచ్చు గరుకుగా లేచేది, చెవులు పాలిపోయేవి, పదిహేను రోజుల్లో పోయేవి. పదకొండు కుటుంబాలు దొడ్లు పడగొట్టుకుని మిరపకోతలకు వెళ్లిపోయాయి. పాలపర్తి అంకాలు ఒక్కతే మిగిలింది. ఆమెకు మిగిలింది ఒక్క ఆడపంది. దాని పేరు దొరసాని. నల్లగా, నిండుగా, నిజంగానే దొరసానిలా ఉంటుంది. ఈ ఏడు అది తొమ్మిది పిల్లల్ని ఈనింది.

"ఈ తొమ్మిదీ దక్కితే దొడ్డి నిలబడుద్ది డాక్టరయ్యా. దక్కకపోతే నేనూ గోతం భుజానేసుకుని కోతలకు పోవటమే. మా నాయన, మా తాత, అందరూ ఈ దొడ్లోనే బతికారు. నా చేతుల్లో మూతబడకూడదు" అంది అంకాలు.

జబ్బేమిటో తెలుసుకుందామని నేను నిరుడే చచ్చిన పిల్లల నెత్తురు పరీక్షల కేంద్రానికి పంపాను. నెత్తురు వెళ్లడానికి రెండు రోజులు, జవాబు రావడానికి పది నెలలు పట్టింది. అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ షాహీన్ గారు మంచి మనిషి. మూడే వాక్యాలు రాశారు. మొదటి వాక్యం: ఇది సర్కోవైరస్, చాలా చిన్న వైరస్, ఈ కుటుంబపు వైరస్‌లు పక్షులకూ పందులకూ సోకుతాయి. రెండో వాక్యం: పక్షులకు వచ్చేది వేరు, పందులకు వచ్చేది వేరు, ఒకదానిది ఇంకొకదానికి అంటదు. మూడో వాక్యం: పిల్లలకు మూడు వారాల వయసులో టీకా వేస్తే జబ్బును ఆపవచ్చు. కాగితంతోపాటు పది డోసుల టీకా సీసా కూడా ఆవిడే పంపించారు. దాన్ని నేను ఆసుపత్రి ఫ్రిజ్‌లో నా మజ్జిగ సీసా పక్కన జాగ్రత్తగా పెట్టాను.

సీసా వచ్చిన రోజుకు పిల్లల వయసు పంతొమ్మిది రోజులు. కొత్త టీకా కాబట్టి జిల్లా ఆఫీసు అనుమతి కావాలి. కాగితం పెట్టాను.

మా జాయింట్ డైరెక్టరు విరూపాక్షరావు గారికి సైన్సంటే ప్రాణం. ముఖ్యంగా మొదటి వాక్యమంటే మరీ ప్రాణం. ఏ నివేదిక వచ్చినా మొదటి వాక్యం ఎర్రపెన్సిలుతో గీత గీసుకుంటూ చదువుతారు. గీత అయిపోయేసరికి ఆయనకు ఆలోచన వచ్చేస్తుంది. ఆలోచన వచ్చాక చదువుతూ కూర్చునే మనిషి కాదు ఆయన.

"పక్షులకూ, పందులకూ!" అన్నారట పెన్సిలు కింద పెట్టి. "ఈ రెండు వర్గాల మధ్య ఏదో వ్యవహారం నడుస్తోంది. క్షేత్రస్థాయిలో పరిశీలించాలి."

అలా ఆ శుక్రవారం జీపు మా ఊరు వచ్చింది. విరూపాక్షరావు గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అంకాలు దొడ్డి ముందు నిలబడ్డారు. దొరసాని బురదలో ఓ పక్కకి ఒరిగి పడుకుంది. తొమ్మిది పిల్లలూ పొదుగు దగ్గర తోసుకుంటున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక కాకి వచ్చి దొరసాని వీపు మీద వాలి, చెవి వెనక పేను ఒకటి ఏరుకుని మింగింది.

విరూపాక్షరావు గారు రుమాలు తీసేశారు.

"ఇది ఎప్పటినుంచి జరుగుతోంది?"

"ఏంది సారూ?" అంది అంకాలు.

"ఆ కాకి."

"కాకులు పుట్టినకాడ్నించీ, పందులు పుట్టినకాడ్నించీ. పేలు తీసి పెడతయ్యి సారూ. మనం కూలిచ్చి పెట్టుకున్నా అంత సుబ్బరంగా తియ్యలేరు."

"భుజంగం, చూశావా? స్వయంగా ఒప్పుకుంటోంది" అన్నారాయన.

నేను రెండో వాక్యం గురించి చెప్పబోయాను. "సార్, షాహీన్ గారు కింద ఏం రాశారంటే, ఒకదానిది ఇంకొకదానికి..."

"కింద రాసినవి వివరాలయ్యా. పైన రాసింది విధానం. మనం విధానం చూడాలి."

సోమవారానికల్లా ఉత్తర్వు వచ్చింది. "పక్షి-వరాహ సంపర్క నివారణ కార్యాచరణ ప్రణాళిక" అని పేరు. అందులో ఇలా ఉంది: "పైన ఉదహరించిన వైరస్ పక్షులకును, పందులకును సంక్రమించునది అయినందున, పక్షి వాలుచున్న పందికి టీకా వేయుట ప్రభుత్వ వనరుల దుర్వినియోగమగును. కావున ఏ పందిపైన గాని, దాని సంతానముపైన గాని, ఏడు దినములు నిరంతరాయముగా ఏ పక్షియు వాలలేదని రూఢి యైన పిదప, స్పర్శరహిత ధ్రువపత్రము జారీచేసి, తదుపరి మాత్రమే టీకా వేయవలెను. మధ్యలో పక్షి వాలినచో లెక్క మరల మొదటి దినమునుండి ప్రారంభించవలెను."

నేను ఆ కాగితం అంకాలుకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, "కాకులకు ఎవురు సెప్తారు?" అని అడిగింది.

"నువ్వే చూసుకోవాలంట. పెంపకందారు బాధ్యత అని రాశారు."

"నా పందికి నేను బాజ్జెం. కాకికి కూడా నేనేనా?"

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్న సామెత నేను చిన్నప్పుడు విన్నాను. ఆ దూడకి గడ్డి వేసే ఉద్యోగం నాకు వస్తుందని మాత్రం అనుకోలేదు. వాలుడు రిజిస్టరు ఒకటి పంపించారు. దొడ్డి ముందు కుర్చీ వేసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని, వాలిన ప్రతి పక్షికీ వాలిన సమయం, లేచిన సమయం, జాతి, లింగం, వాలుటకు కారణం రాయాలి. లింగం దగ్గర మొదటి రోజు "తెలియజేయలేదు" అని రాశాను. కారణం దగ్గర "పేలు" అని రాశాను. మర్నాడు జిల్లా ఆఫీసునుంచి ఫోనొచ్చింది. పేలు అనేది పక్షి ఉద్దేశమా, పంది ఉద్దేశమా స్పష్టం చేయమన్నారు.

మొదటి లెక్క రెండో రోజున తెగింది. రెండో లెక్క మొదటి రోజు పది గంటలకే తెగింది. మూడోసారి మూడో రోజు దాకా వచ్చి, సాయంత్రం అయిదింటికి ఒక కాకి దొరసాని మీద కాక పిల్ల మీద వాలింది. సంతానము అన్న మాట ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. మళ్లీ ఒకటి.

అంకాలుకు కోళ్లు నాలుగుండేవి. కోడి పక్షి అవునా కాదా అని నేను అడగకుండా ఉండాల్సింది. అడిగాను. అవునన్నారు. ఆ నాలుగింటినీ ఆమె చెల్లెలి ఇంటికి పంపించేశాము.

విరూపాక్షరావు గారు చేతులు కట్టుకుని కూర్చోలేదు. "పొలాల్లో పిట్టల్ని ఎలా ఆపుతారు? దిష్టిబొమ్మతో. ఆ పరిజ్ఞానాన్నే ఇక్కడికి బదలాయించాలి" అన్నారు. దొరసాని వీపు మీద ఒక చిన్న దిష్టిబొమ్మను బెల్టు పెట్టి కట్టారు. కుండ తల, పాత చొక్కా, చాచిన చేతులు. అది కట్టగానే దొరసాని బెదిరి దొడ్డి దూకి వీధిన పడింది. బొమ్మ చేతులూపుతూ పంది మీద స్వారీ చేస్తూ వెళుతుంటే రైలు గేటు దగ్గర జనం దండం పెట్టారు. ఏ దేవుడో పోల్చుకోలేకపోయినా, వాహనాన్ని బట్టి ఎవరో పెద్దవాడే అనుకున్నారు.

దాన్ని పట్టి తెచ్చాక అరగంటకి కాకి వచ్చి దిష్టిబొమ్మ తల మీద కూర్చుంది.

ఇక్కడ ఒక ధర్మసందేహం వచ్చింది. కాకి వాలింది బొమ్మ మీద, పంది మీద కాదు. నేను లెక్క ఆపకుండా, వివరణ కోరుతూ ఉత్తరం రాశాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది: "దిష్టిబొమ్మ పందికి బిగించబడి ఉన్నంత కాలము పందికి అనుబంధ భాగముగా పరిగణించవలెను. లెక్క మరల ప్రారంభించవలెను." ఆ నాలుగు రోజులూ గాల్లో కలిసిపోయాయి.

అప్పటికి పిల్లలకు అయిదో వారం నడుస్తోంది. ఒక పిల్ల మిగతావాటికన్నా వెనకపడింది. అంకాలు దాని వీపు తడిమి నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. ఎముక తగిలింది.

"మొదలైంది డాక్టరయ్యా" అంది.

ఆ రోజే షాహీన్ గారికి ఫోన్ చేశాను. జరిగింది మొత్తం చెప్పాను. "ఆయన నంబరివ్వండి" అన్నారావిడ. మర్నాడు రిజిస్టరు చూపించడానికి నేను జిల్లా ఆఫీసుకు వెళ్లి ఉండగానే ఆ ఫోన్ వచ్చింది. విరూపాక్షరావు గారు స్పీకరు పెట్టి అందరికీ వినిపించారు, సైన్సు అందరికీ అందాలని.

"సార్, ఒకే కుటుంబమంటే ఒకటే వైరస్ అని కాదు. కాకికి వచ్చేది పందికి రాదు. మీ జిల్లా భాషలోనే చెప్తాను. వంకాయా, పొగాకూ ఒకే కుటుంబం. అంతమాత్రాన వంకాయ కూర తిన్నవాణ్ణి చుట్ట తాగాడని పట్టుకుంటారా?"

మా జిల్లాలో అందరికీ పొగాకు తెలుసు. గదిలో ఉన్న గుమాస్తాలందరికీ అర్థమైంది. ఒకాయన నవ్వాడు కూడా. విరూపాక్షరావు గారు గంభీరంగా ఆలోచించారు.

"అమ్మా, మీరు చెప్పింది చాలా తీవ్రమైన విషయం. కానీ వంకాయ మా పరిధిలోకి రాదు. వ్యవసాయ శాఖకు ఇప్పుడే లేఖ రాయిస్తాను."

"వంకాయ సంగతి వదిలేయండి సార్. పిల్లలకి టీకా వేయించండి. జబ్బు పట్టాక వేస్తే పెద్దగా ఉపయోగం ఉండదు."

"తప్పకుండా. ధ్రువపత్రం రాగానే వేయిస్తాం" అని ఆయన ఫోన్ పెట్టేశారు. తర్వాత మా వైపు తిరిగి, "శాస్త్రవేత్తలకు క్షేత్రస్థాయి ఇబ్బందులు తెలియవయ్యా" అన్నారు జాలిగా.

ఆ మధ్యాహ్నమే ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. కాకి నలుపు, పంది నలుపు. నలుపును చూసి కాకి తనవాళ్లనుకుంటోంది. కాబట్టి పందికి తెల్లరంగు వేయాలి. రెండు డబ్బాల సున్నం, ఒక బ్రష్షు మంజూరయ్యాయి. దొరసానికీ, తొమ్మిది పిల్లలకీ నేనూ అంకాలూ సున్నం పూశాము. పెళ్లింటి గోడల్లాగా తయారయ్యాయి. ఆ ఆలోచన ఫలించింది కూడా. కాకులు రాలేదు. మర్నాడు పొద్దున్న పక్క పొలంలోంచి కొంగలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, పద్నాలుగు. రిజిస్టరులో ఒక పేజీ చాలక అదనపు కాగితం అంటించాను.

ఆరో వారంలో మొదటి పిల్ల చచ్చిపోయింది. సున్నం ఇంకా పూర్తిగా రాలిపోలేదు. అంకాలు దాన్ని పాత చీర ముక్కలో చుట్టి తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చి నా కుర్చీ ఎదురుగా నిలబడింది.

"డాక్టరయ్యా, సీసా ఎక్కడుండాది?"

"ఆసుపత్రిలో. ఫ్రిజ్‌లో."

"తాళం ఎవురి కాడుంది?"

"నా దగ్గరే."

"సూది గుచ్చటం ఎవురికి వచ్చు?"

"నాకే."

"మరి నిన్ను ఆపింది ఎవురు? కాకా?"

నేను రిజిస్టరు వైపు చూశాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం, ఇంకో పద్నాలుగు నెలలకు పెన్షను, ఉత్తర్వు ధిక్కరిస్తే వచ్చే మెమో, అన్నీ ఆ అట్ట మీద కనిపించాయి. కాకికి ఏ భయమూ లేదు కాబట్టి వచ్చి వాలింది. నాకు ఉంది కాబట్టి కుర్చీలో కూర్చున్నాను. సిగ్గేసింది. సిగ్గేసిందని ఇప్పుడు రాస్తున్నాను గానీ ఆ రోజు ఆమెతో అన్నమాట వేరే. "ఇంకొక్క వారం ఓపిక పట్టు అంకాలూ, వల వస్తోంది" అన్నాను.

వల నిజంగానే వచ్చింది. చేపల చెరువుల మీద కట్టే నీలం వల. దొడ్డి మొత్తం నాలుగు పక్కలా, పైనా కప్పేశారు. తలుపుకు తాళం. లోపల తల్లీ, ఎనిమిది పిల్లలూ. ఇక పక్షి అన్నది లోపలికి రాలేదు. ఒకటో రోజు, రెండో రోజు, మూడో రోజు. నాలుగో రోజు రెండో పిల్ల పోయింది. అయిదో రోజు మూడో పిల్ల. రిజిస్టరు మాత్రం నిష్కళంకంగా ఉంది. పేజీకి పేజీ "లేదు, లేదు, లేదు". ఆ పేజీలు చూసి విరూపాక్షరావు గారికి కళ్లు చెమర్చాయి.

"మన రాష్ట్రంలోనే మొట్టమొదటి కాకిరహిత వరాహ కేంద్రం!" అన్నారు. "ఏడో రోజు సభ పెట్టి ధ్రువపత్రం ఇద్దాం. అక్కడే, అందరి ముందూ టీకా."

నేను ఆనందపడ్డాను. ఎలాగైతేనేం సూది పడుతుంది కదా. మిగిలిన ఆరు పిల్లల్లో నాలుగు ఇంకా చిక్కడం మొదలుపెట్టలేదు.

ఏడో రోజు పొద్దున్నే దొడ్డి ముందు షామియానా వేశారు. మామిడాకుల తోరణాలు, మైకు, పూలదండలు. దొరసాని ఫొటోలో బాగా పడాలని వల ముందువైపు కొంచెం పైకి చుట్టారు. నేను వద్దన్నాను. "ఫొటోలో నీలం వల వెనక పంది జైల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. తప్పుడు సంకేతం వెళుతుంది" అన్నారు జాయింట్ డైరెక్టరు గారు. టీకా సీసా ఐసుపెట్టెలో పెట్టుకుని, సిరంజి చేతిలో పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను.

విరూపాక్షరావు గారు ముప్పావుగంట మాట్లాడారు. "మిత్రులారా, వైరస్ చిన్నది. మన సంకల్పం పెద్దది. వైరస్‌కి కళ్లు లేవు. మనకి రిజిస్టరుంది." చప్పట్లు కొట్టారు. ఇక ధ్రువపత్రం ఇవ్వడమే తరువాయి.

మా జిల్లాలో సర్కారు సభ ఏది జరిగినా ప్రారంభసూచకంగా తెల్లపావురాల్ని ఎగరేస్తారు. బడి గోడకైనా, బోరుబావికైనా పావురాలు ఉండాల్సిందే. అది ఎప్పటినుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. ఆ రోజు కూడా సభల ఏర్పాట్లు చూసే గుమాస్తా మామూలు ప్రకారం పంజరం తెచ్చాడు. విరూపాక్షరావు గారు మామూలు ప్రకారం రెండు చేతులతో పావురాన్ని పట్టుకున్నారు. ఫొటోగ్రాఫరు "సార్, ఇటు" అన్నాడు. ఆయన నవ్వి పావురాన్ని పైకి వదిలారు.

అది సభలకి అలవాటైన పావురం. వారానికి మూడు ప్రారంభోత్సవాలు చేసి అలిసిపోయి ఉంది. పైకి ఎగిరే ఓపిక లేక ఒక చుట్టు తిరిగి, చుట్టిన వల కిందనుంచి లోపలికి పోయి, దొరసాని వీపు మీద మెత్తగా కూర్చుంది.

దొరసాని తల తిప్పి చూసి మళ్లీ పడుకుంది. ముందుగా లేచింది అంకాలే.

"సారూ, ఆ పిట్ట మీదే. మీ చేత్తోనే ఇడిసిపెట్టారు. అది మీ కాయితంలో రాసిన పచ్చి అయితే మీరే కట్టుబాటు తప్పారు. పచ్చి కాకపోతే ఏడో రోజు అయిపోయినట్టే. రెంట్లో ఏదో ఒకటి సెప్పండి. డాక్టరయ్య సూది పట్టుకుని నిలబడుండాడు."

అంత సూటి ప్రశ్న మా శాఖను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. విరూపాక్షరావు గారు మైకు సర్దుకున్నారు. పక్షే అంటే ఉత్తర్వును ఉల్లంఘించింది తానే. కాదంటే, పావురం పక్షి కాదని పశు సంవర్ధక శాఖ జిల్లా అధికారి మైకులో చెప్పినట్టవుతుంది. పత్రికలవాళ్లు ముందు వరుసలోనే ఉన్నారు.

"ప్రభుత్వ కార్యక్రమంలో భాగంగా ఎగరేసిన పావురం," అని మొదలుపెట్టారాయన, "సాంకేతికంగా, ఒక విధమైన... అధికారిక హోదాలో..." అక్కడ ఆగారు. మంచినీళ్లు తాగారు. "ఈ అంశం మీద పై కార్యాలయం స్పష్టత కోరుతున్నాం. స్పష్టత వచ్చేవరకు యథాతథ స్థితి కొనసాగించాలి."

యథాతథ స్థితి అంటే టీకా వేయకూడదని అర్థం. నేను సిరంజి మూత పెట్టేశాను. ఆ మూత పెట్టిన చప్పుడు ఎవరికీ వినబడి ఉండదు. నాకు మాత్రం వినబడింది.

స్పష్టత ఇరవై ఆరు రోజులకు వచ్చింది. మూడు పేజీలు. సారాంశం ఇది: పావురము పక్షియే. అయితే సభా మర్యాద నిమిత్తము ఎగురవేయబడినపుడు దాని వాలుట ఐచ్ఛికము కాదు, కావున దానిని వాలుటగా పరిగణించనవసరము లేదు. ఏడు దినములు పూర్తి అయినట్లే. ధ్రువపత్రము ఇచ్చి వెంటనే టీకా వేయవలెను. వెంటనే అన్న మాట కింద గీత గీసి ఉంది.

గీత గీసిన మాట నేనెప్పుడూ అశ్రద్ధ చేయను. సీసా, సిరంజి, ధ్రువపత్రం, లబ్ధిదారు సంతకం చేయాల్సిన ఫారం తీసుకుని సైకిలెక్కాను.

అంకాలు దొడ్డి ముందు కూర్చుని గోతంలో బట్టలు సర్దుకుంటోంది. వల అలాగే ఉంది. లోపల ఏమీ లేదు. ఆ ఆరు పిల్లల్లో నాలుగు ఒకదాని వెంట ఒకటి పోయాయి. మిగిలిన రెండింటినీ, దొరసానినీ కిందటి సోమవారం బేరగాడికి ఇచ్చేసింది. దొరసాని బండి ఎక్కనని మొండికేస్తే తనే బతిమాలి ఎక్కించిందట. నేను సైకిల్ స్టాండు వేసి అక్కడే నిలబడిపోయాను. ఇన్ని రోజులు నేను లెక్క పెట్టింది ఏమిటో అప్పుడు నాకు తెలిసింది.

"ఏం కాయితం అది?" అంది.

"నీ వేలిముద్ర కావాలంట. కార్యక్రమం పూర్తయినట్టు."

"సదివి ఇనిపియ్యి."

చదివాను. "నా అధీనమున గల పందులపై ఈ దినమున ఏ పక్షియు వాలుట లేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

"నిజమేగా" అంది అంకాలు. "అబద్దం ఒక్క ముక్క లేదు. ఇంక ఏ కాకీ వాలదు." కాసేపు ఖాళీ దొడ్డి వైపు చూసింది. "పచ్చులు వాలలేదని రాశారు. పందులు లేవని ఎక్కడ రాశారు?"

ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను. పంది వయసుకు గడి ఉంది. రంగుకు గడి ఉంది. సున్నం పూసిన తేదీకి కూడా గడి ఉంది.

"దానికి గడి లేదమ్మా" అన్నాను.

జీవితంలో మొదటిసారి ఆమెను అమ్మా అన్నాను. ఆమె పట్టించుకోలేదు. సిరాపెట్టె దగ్గరికి లాక్కుని బొటనవేలు గట్టిగా అద్దింది. నేను వేలిముద్ర గడి చూపించాను. ఆమె ఆ గడి దాటి, పక్కన ఏమీ రాయని తెల్లటి జాగా మధ్యలో వేలు మోపి, మొత్తం బరువు వేసి నొక్కింది. ఒకసారి కాదు. తొమ్మిదిసార్లు.

"ఇది సెల్లదు అంకాలూ. గడిలో లేకపోతే వెనక్కి పంపేస్తారు" అన్నాను. ఆమె యాస నా నోట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"పంపనియ్యి" అని గోతం భుజాన వేసుకుని లేచింది అంకాలు. "దాన్ని ఎనక్కి పంపాలంటే ముందు ఎవురో ఒకరు సూడాలి గదా."